నవ్వని గాయని



నైట్‌క్లబ్ గాయని అనగానే మనలో చాలామందికి కళ్లముందు మెదిలేది సినిమాయే. విలన్ డెన్ను, పొగ, రంగురంగుల దీపాలు, మెట్లు దిగివచ్చే జ్యోతిలక్ష్మి, వెనకాల ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు. ఆ పాటలంటే నాకు ఇష్టమే, దాచుకోవడం ఎందుకు? కానీ వాటిని చూసీ చూసీ, క్లబ్బులో పాడటమంటే ఒళ్లు ఊపడం, కన్ను గీటడం అనే మనకు స్థిరపడిపోయింది. ఇవాళ నేను చెప్పబోయే గాయని అందుకు పూర్తిగా ఎదురు. అమెరికాలో లాస్ వేగస్ అనే జూదాల ఊళ్లో, అర్ధరాత్రి మొదలుకొని తెల్లవారేదాకా, ఏళ్ల తరబడి పాడింది. తన వంతు రానప్పుడు కదిలేది కాదు, నవ్వేది కాదు. ఆమె నవ్వకుండా నిలబడటం చూడటానికే జనం ఎగబడేవారు.

ఆమె పేరు కీలీ స్మిత్. ఆమెతో జంటగా పాడిన మనిషి లూయీ ప్రైమా. ప్రైమా గొంతు మీలో చాలామంది వినే ఉంటారు, పేరు తెలియక పోవచ్చు. 1967లో డిస్నీవాళ్లు తీసిన 'ది జంగిల్ బుక్' బొమ్మల సినిమాలో కోతుల రాజు కింగ్ లూయీ ఉన్నాడు చూశారూ, ఆ గొంతు ప్రైమాదే. అంత గలభా చేసే మనిషి పక్కన రోజూ నిలబడి పాడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. కీలీ జీవితంలో ముఖ్యమైన ఘట్టమంతా అక్కడే ఉంది.

ఆమె 1928 మార్చి 9న వర్జీనియా రాష్ట్రంలో నార్ఫోక్ అనే రేవు పట్నంలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు డొరతీ జాక్వలిన్ కీలీ. స్మిత్ అన్నది మారుతండ్రి ఇంటిపేరు. ఐరిష్ రక్తం, చెరొకీ అనే ఆదివాసీ తెగ రక్తం రెండూ ఉన్నాయని చెప్పుకునేది. నార్ఫోక్ నౌకాదళానికి పెద్ద స్థావరం. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఊరినిండా నావికులు, వాళ్లకు పాటలు కావాలి. ఈ అమ్మాయి పదకొండేళ్లకే స్థానిక రేడియోలో పిల్లల కార్యక్రమంలో పాడింది, పద్నాలుగేళ్లకు నౌకాదళ విమాన స్థావరం బ్యాండుతో పాడింది, పదిహేనేళ్లకు డబ్బు తీసుకుని పాడటం మొదలెట్టింది. సంగీతం బడిలో నేర్చుకున్నది కాదు, రేడియో పక్కన కూర్చుని పట్టుకున్నది. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఈ సంగతి కాస్త గర్వంగానే చెబుతున్నాను.

లూయీ ప్రైమా ఆమె కంటే పదిహేడేళ్లు పెద్ద. న్యూ ఆర్లియన్స్‌లో సిసిలీ నుంచి వలస వచ్చినవాళ్ల ఇంట 1910లో పుట్టాడు. ట్రంపెట్ వాద్యకారుడు. 'సింగ్ సింగ్ సింగ్' అనే పాట అతను 1936లో రాసిందే. తర్వాత బెన్నీ గుడ్‌మన్ బ్యాండు దాన్ని వాయిద్యాల మీద వాయించి, ఆ కాలపు స్వింగ్ సంగీతానికే గుర్తుగా నిలిపింది. 1947లో కీలీ కుటుంబం ప్రయాణంలో ఉండగా అట్లాంటిక్ సిటీలో ప్రైమా కచేరీ చూసింది. మరుసటి ఏడాది ప్రైమా వర్జీనియా బీచ్‌కి వచ్చినప్పుడు, అతనికి గాయని కావాలని తెలిసి వెళ్లి పాడి వినిపించింది. అతను అప్పటికప్పుడే తీసుకున్నాడు. ఆమెకు ఇరవై ఏళ్లు. 1953లో పెళ్లి చేసుకున్నారు. అతనికది నాలుగో పెళ్లి.

ఆ మొదటి అయిదారేళ్లు చెప్పుకోదగ్గవేమీ కావు. బస్సులు, హోటళ్లు, చిన్నచిన్న ఊళ్లు. యుద్ధం ముగిశాక పెద్ద బ్యాండ్ల కాలం కూడా ముగిసింది. పదిహేనూ ఇరవై మందికి జీతాలిచ్చి ఊరూరా తిప్పడం ఎవరి తరమూ కాలేదు. 1954 వచ్చేసరికి ప్రైమా చేతిలో పని లేదు, ఇంట్లో కీలీ గర్భవతి. అప్పుడు లాస్ వేగస్‌లో సహారా హోటల్లో వినోద కార్యక్రమాలు చూసే బిల్ మిల్లర్ అనే పాత పరిచయస్తుడికి ఫోన్ చేసి పని అడిగాడు. మిల్లర్ దగ్గర పెద్ద వేదిక ఖాళీ లేదు. లౌంజ్‌లో రెండు వారాలు ఇస్తాను, రమ్మన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఈ లౌంజ్ అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. వేగస్ హోటళ్లలో రెండు రకాల వేదికలుండేవి. ఒకటి పెద్ద హాలు. అక్కడ పేరుమోసిన తారలు, తెరలు, నాట్యబృందాలు, భోజనం. దానికి డబ్బు కట్టాలి, ముందుగా బల్ల చూసుకోవాలి. రెండోది జూదపు బల్లలకు ఆనుకొని ఉండే బారు. అదే లౌంజ్. ప్రవేశానికి రుసుము లేదు, ఒక గ్లాసు పుచ్చుకుని కూర్చోవచ్చు. హోటలువాడి ధర్మగుణం ఏమీ కాదిది. పెద్ద హాల్లో ప్రదర్శన అయిపోయాక జనం గదులకు వెళ్లి పడుకుంటే జూదం ఎవరాడతారు? వాళ్లను తెల్లవారేదాకా మేలుకొలిపి, పేకముక్కలకూ తిరిగే చక్రానికీ చేరువలో ఉంచాలి. అందుకు పాట కావాలి. మేరీ కే ట్రయో అనే బృందం లాస్ట్ ఫ్రాంటియర్ హోటల్లో ఈ లౌంజ్ పాటలకు ముందే దారి వేసింది. అయినా పేరున్న కళాకారుల కళ్లకు లౌంజ్ ఒక మెట్టు తక్కువే.

సహారాలో ఆ లౌంజ్ పేరు కాస్‌బార్. ఇరుకైన చోటు. బారు వెనకాల చిన్న అరుగులాంటి వేదిక. పాడేవాళ్ల ముందు సీసాలూ, గ్లాసులు అందించేవాళ్లూ. పక్కనుంచి జూదపు యంత్రాల చప్పుడు. రాత్రికి అయిదు ప్రదర్శనలు. అర్ధరాత్రి మొదలైతే ఆఖరిది ముగిసేసరికి తెల్లవారుజాము ఆరుకు దగ్గరపడేది. మిల్లు కార్మికుల భాషలో చెప్పాలంటే నైట్ షిఫ్టు. కడుపుతో ఉన్న ఆ అమ్మాయి ఈ షిఫ్టులోకే దిగింది, 1954 చివర్లో.

రెండు వారాలన్నది ఏళ్ల తరబడి సాగింది. కారణాలు రెండు చెబుతాను. ఒకటి శాం బుటేరా. న్యూ ఆర్లియన్స్ నుంచి ప్రైమా పిలిపించుకున్న శాక్సోఫోన్ వాద్యకారుడు. క్రిస్మస్ మర్నాడే వచ్చి వేదిక ఎక్కాడు. ఆ రాత్రి ప్రైమా ఉన్నట్టుండి, నీ బృందం పేరేమిటయ్యా అని జనం ముందు అడిగితే, అప్పటికప్పుడు నోటికొచ్చిన 'విట్నెసెస్' అన్న మాట అనేశాడని, అంటే సాక్షులని, బుటేరాయే తర్వాత చెప్పుకున్నాడు. పేరు అదే ఉండిపోయింది. బుటేరా తెచ్చింది మోటు, వేగం. పాత స్వింగు మీద కొత్తగా పుడుతున్న రాక్ అండ్ రోల్ ఊపు. నిద్రమొహాలతో ఉన్న జూదగాళ్లను లేపి కూర్చోబెట్టేది ఆ వాద్యమే.

రెండో కారణం కీలీ, ఆమె కదలకపోవడం.

ఆ ప్రదర్శన ఎలా ఉండేదో పాట వినిపించకుండా మాటల్లో చెప్పడం కష్టమే, ప్రయత్నిస్తాను. ప్రైమా వేదిక మీద గెంతుతాడు, చేతులు విసురుతాడు, ఇటాలియన్ యాసలో ఏదేదో అరుస్తాడు, బుటేరాతో పోటీపడి పరుగెత్తుతాడు. ఆమె దగ్గరకు వచ్చి ముఖంలో ముఖం పెట్టి కోతిచేష్టలు చేస్తాడు, గౌను అంచు పట్టి లాగుతాడు. కీలీ మాత్రం చేతులు కిందికి వదిలేసి, నుదుటి మీదికి కత్తిరించిన నల్లటి పొట్టి జుట్టుతో, రాతిబొమ్మలా నిలబడి ఎక్కడో జనం తలల మీదుగా చూస్తుంటుంది. ఇతనెవరో తనకు తెలియదన్నట్టు, బస్సు కోసం నిలబడ్డట్టు. జనం పడి పడి నవ్వుతారు. చివరికి ఎప్పుడో ఆమె ఒక్క పొడిమాట విసురుతుంది, లేదా ఒక్కసారి కళ్లు తిప్పి అతని కేసి చూస్తుంది. లౌంజ్ దద్దరిల్లిపోతుంది. అంతలో పాటలో తన వంతు వస్తుంది. అప్పటిదాకా శిలలా ఉన్న మనిషి నోరు తెరిస్తే లోతైన, తేటైన గొంతు. ఒక్క మాట నలగదు, ఒక్క స్వరం జారదు.

మన బుర్రకథలో కథకుడు చిందేస్తూ కథ చెబుతుంటే పక్కనున్న వంత ప్రతి మాటకూ వత్తాసు పలుకుతాడు, అందుకే కథ పండుతుంది. ఇక్కడ వంత వత్తాసు పలకదు, అందుకే పండింది.

ఇది ముందుగా రాసుకుని సాధన చేసిన నటన కాదని, మొదట్లో ఏం చేయాలో తోచక ఊరికే నిలబడి జనాన్ని చూసేదాన్నని ఆమె తర్వాతి కాలంలో చెప్పింది. కావచ్చు. దాన్ని ప్రైమా పసిగట్టి వాడుకున్నాడన్నదీ నిజమే. కానీ ఒక రాత్రి తోచక నిలబడటం వేరు, రాత్రికి అయిదుసార్లు, వారం వెంట వారం, అదే మనిషి కొత్తకొత్త చేష్టలతో నవ్వించాలని చూస్తుంటే నవ్వకుండా నిలబడటం వేరు. హాస్యంలో నవ్వించేవాడికి పేరొస్తుంది. ఎప్పుడు నవ్వాలో జనానికి తెలియజేసేది మాత్రం పక్కన నవ్వకుండా ఉన్నవాళ్లే. ప్రైమా ఎంతసేపు గెంతాలి, ఎక్కడ ఆపాలి అన్న కొలత ఆమె ముఖంలో ఉండేదని నా నమ్మకం. గెంతే ప్రైమాలు ఆ రోజుల్లో ఇంకా చాలామంది ఉన్నారు. ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో ఈ జంట పాత నలుపు తెలుపు దృశ్యాలు దొరుకుతాయి. చూడండి. కెమెరావాడు గెంతుతున్న ప్రైమాను వదిలేసి, ఏమీ చేయని కీలీ ముఖం మీదికి ఎందుకు పోతుంటాడో మీకే తెలుస్తుంది.

పేరు పాకింది. పెద్ద హాళ్లలో తమ ప్రదర్శనలు ముగించుకున్న తారలు, ఫ్రాంక్ సినాత్రా వంటివాళ్లు, అర్ధరాత్రి దాటాక కాస్‌బార్‌కు వచ్చి కూర్చునేవారు. రుసుము లేని మూలగది, రుసుమున్న హాలు కంటే గొప్పదైపోయింది. 1956లో కాపిటల్ రికార్డు కంపెనీ 'ది వైల్డెస్ట్' అనే లాంగ్ ప్లే రికార్డు తెచ్చింది. 1958లో 'దట్ ఓల్డ్ బ్లాక్ మ్యాజిక్' అనే జంటపాట వచ్చింది. హెరాల్డ్ ఆర్లెన్ బాణీ, జానీ మెర్సర్ మాటలు, 1942 నాటి ప్రేమపాట. అందరూ మత్తుగా, నెమ్మదిగా పాడుకునే ఆ పాటను వీళ్లు పరుగులు పెట్టించారు. బిల్‌బోర్డ్ జాబితాలో 18వ స్థానం దాకా వెళ్లింది. 1959 మే 4న గ్రామీ అవార్డులు మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు బృందగానం విభాగంలో బహుమతి ఆ పాటకే దక్కింది. ఇద్దరు మనుషులు బృందం ఎలా అయ్యారని అడగకండి. అప్పటికింకా జంటకు వేరే విభాగం లేదు.

ఈ వెలుగుల పక్కనే ఒక సంగతి చెప్పకుండా దాటిపోవడం నాకు ఇష్టం లేదు. ఆ రోజుల్లో వేగస్ హోటళ్లలో నల్లజాతి కళాకారులు వేదిక మీద పాడవచ్చు, కానీ అదే హోటల్లో గది తీసుకోవడానికీ, జూదపు బల్ల దగ్గర కూర్చోవడానికీ వీల్లేదు. 1955లో మూలాన్ రూజ్ అనే హోటల్ అందరికీ తలుపులు తీసింది, కొద్ది నెలలకే మూతబడింది. పెద్ద హోటళ్లు ఈ నిషేధం ఎత్తేయడానికి ఒప్పుకున్నది 1960లో, నిరసన ఊరేగింపు తప్పదని హెచ్చరించాక. లూయీ ప్రైమా సంగీతమంతా న్యూ ఆర్లియన్స్ నల్లవాళ్ల దగ్గర, ముఖ్యంగా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర నేర్చుకున్నదే. కాస్‌బార్‌లో తెల్లవారేదాకా సాగిన ఆ సరదాలో కూర్చునే హక్కు ఆ సంగీతం పుట్టించినవాళ్లకు మొదటి ఏళ్లలో లేదు.

కీలీకి జంటకు బయట కూడా ఒక గొంతు ఉందని కాపిటల్ వాళ్లు త్వరగానే గ్రహించారు. 1957లో ఆమె ఒక్కతే పాడిన రికార్డు వచ్చింది, 'ఐ విష్ యు లవ్'. వాద్యాల కూర్పు నెల్సన్ రిడిల్‌ది. సినాత్రా గొప్ప పాటలెన్నిటికో వాద్యం కూర్చినవాడు. ఆ శీర్షిక పాట అసలు ఫ్రెంచిది, షార్ల్ ట్రెనే కట్టినది. విడిపోతున్న మనిషి ఎదుటివాళ్లకు మేలు కోరే పాట. వేదిక మీద భావం చూపని మనిషి ఈ పాటలో ఏడుపు చూపుతుందేమోనని చూస్తాం. చూపదు. మాటను మాటలా పలికి వదిలేస్తుంది. అందువల్లే ఆ పాట వింటుంటే గుండె పట్టేస్తుంది. జీవితమంతా ఆ పాట ఆమె పేరుతోనే నడిచింది.

1958లో రాబర్ట్ మిచమ్ తన 'థండర్ రోడ్' సినిమాలో ఆమెకు వేషం ఇచ్చాడు. నైట్‌క్లబ్ గాయని వేషమే. సినాత్రాతో జంటపాటలూ రికార్డు చేసింది. 1959లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక సినిమాలో నటించారు. 1961 జనవరిలో, వాషింగ్టన్ మంచుతుఫానులో మునిగిపోయిన రాత్రి, కెనెడీ ప్రమాణ స్వీకారానికి ముందు సినాత్రా ఏర్పాటు చేసిన సంబరంలో ఇద్దరూ పాడారు. అంతకంటే పెద్ద వేదిక ఆ దేశంలో ఉండదు. ఆ ఏడాదే విడాకులు తీసుకున్నారు.

విడాకుల లోగుట్టు మనకెందుకు? పాటకు సంబంధించినంత వరకు చెబుతాను. ప్రైమా ఆ ఖాళీని నింపడానికి కొత్త గాయని కోసం వెతికాడు. న్యూజెర్సీలో హోటలులో వడ్డన చేసే జియా మయోనే అనే యువతి పరీక్షలో నెగ్గింది, తర్వాత అతనికి అయిదో భార్య అయింది. ఆమె పాడగలదు, బాగా పాడింది కూడా. ప్రదర్శన నడిచింది, డబ్బూ వచ్చింది. అయినా కాస్‌బార్ నాటి ఆ ఊపు మళ్లీ రాలేదు. కాలం కూడా మారింది లెండి, బీటిల్స్ వచ్చేస్తున్నారు. తప్పంతా కొత్త గాయని మీద వేయడం న్యాయం కాదు.

మరి కీలీ? పదమూడేళ్లు ఒక మనిషి పక్కన నిలబడటమే వృత్తిగా ఉన్న కళాకారిణి ఒంటరిగా వేదిక మధ్యకు రావాలి. ఎవరి చేష్టలకు నవ్వకుండా ఉండాలి ఇప్పుడు? ఆమె చేసిన పని నాకు తెలివైనదిగా తోస్తుంది. హాస్యం పక్కన పెట్టేసి పాటనే పట్టుకుంది. సినాత్రా పెట్టిన రిప్రైజ్ కంపెనీలో మళ్లీ నెల్సన్ రిడిల్‌తో పాడింది. 1964లో లెనన్, మెకార్ట్‌నీ పాటలతో ఒక పూర్తి రికార్డు చేసింది. తన తరం గాయకులు బీటిల్స్‌ను కుర్రకారు గోల అని కొట్టిపారేస్తున్న రోజుల్లో, ఇవి పాటలే, పాడుకోవచ్చు అని ముందుగా గుర్తించినవాళ్లలో ఆమె ఒకతె. 1965లో ఆమె పాట ఒకటి బ్రిటన్ జాబితాలో 14వ స్థానానికి వెళ్లింది. ఆ ఏడాదే నిర్మాత జిమ్మీ బోవెన్‌ను పెళ్లాడింది, అది 1969లో ముగిసింది. ఆ తర్వాత చాలాకాలం కూతుళ్ల పెంపకంలో ఉండిపోయి, పాట తగ్గించేసింది. మగ గాయకుల జీవితచరిత్రల్లో ఇలాంటి ఖాళీ ఏళ్లు అరుదుగా కనిపిస్తాయి, గమనించారా?

ఈలోగా ప్రైమా 1975లో మెదడులో కణితికి శస్త్రచికిత్స చేయించుకుని, స్పృహలేని స్థితిలోకి వెళ్లి, తిరిగి లేవకుండానే 1978లో కన్నుమూశాడు.

కథ అక్కడితో ముగియలేదు. 1985లో కీలీ మళ్లీ రికార్డు చేసింది. 1998లో ఒక బట్టల కంపెనీ టీవీ ప్రకటనలో ప్రైమా పాత పాటకు కుర్రాళ్లు చిందులేస్తే, అమెరికా యువతకు ఉన్నట్టుండి స్వింగు పిచ్చి పట్టింది. అప్పటికి బతికి ఉండి, ఆ సంగీతాన్ని వేదిక మీద పాడి చూపగల మనిషి ఎవరున్నారు? కీలీ ఉంది. డెబ్బై ఏళ్లు దాటాక వరసగా రికార్డులు తెచ్చింది. 2001లో సినాత్రా పాటలతో చేసిన రికార్డుకు గ్రామీ నామినేషన్ వచ్చింది. 2005లో న్యూయార్క్‌లో ఫైన్‌స్టైన్స్ అనే క్లబ్బులో ప్రదర్శనలిచ్చింది. అక్కడ చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. ఒకప్పుడు నోరు మెదపని మనిషి ఇప్పుడు పాటకూ పాటకూ మధ్య ఆగకుండా కబుర్లు చెబుతోంది, ప్రైమా మీద, సినాత్రా మీద మొహమాటం లేని జోకులు వేస్తోంది, వాద్యకారులను ఏడిపిస్తోంది. హాస్యం ఎప్పుడూ ఆమెలోనే ఉందన్నమాట, తన వంతు వచ్చేదాకా ఆగింది. 2008లో గ్రామీల యాభయ్యో ఉత్సవంలో, మొదటి ఏడాది బహుమతి తెచ్చిన ఆ పాటనే కిడ్ రాక్ అనే రాక్ గాయకుడితో కలిసి పాడింది. అప్పటికి ఆమెకు డెబ్బై తొమ్మిది. 2011 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఇచ్చిన కచేరీ ఆఖరిది. 2017 డిసెంబరు 16న పామ్ స్ప్రింగ్స్‌లో, ఎనభై తొమ్మిదో ఏట పోయింది.

వినాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలెట్టాలని అడిగితే, 'ఐ విష్ యు లవ్' ముందు వినమంటాను, జంటపాటలు తర్వాత. జనం సాధారణంగా తలకిందులుగా వింటారు, ప్రైమా హోరులో పడి ఆమెను తోడుగొంతు అనుకుని వదిలేస్తారు. ఆ తర్వాత 1958లో కాస్‌బార్‌లోనే జనం మధ్య తీసిన 'లాస్ వేగస్ ప్రైమా స్టైల్' వినండి. అందులో అక్కడక్కడ, పాటలో ఏ జోకూ లేనిచోట, గది గదంతా ఒక్కసారిగా నవ్వడం వినిపిస్తుంది. ప్రైమా ఏదో గెంతు గెంతి ఉంటాడు, సరే. కానీ ఆ నవ్వుల్లో సగమైనా అతన్ని చూసినవి కావని, పక్కన నిలబడ్డ ముఖాన్ని చూసినవని నా అనుమానం.